స్టేషన్ పక్కన రేకుల షెడ్డు

పావగడ తాలూకా నాగలమడిక నుంచి, చుట్టుపక్కల తెలుగు పల్లెల నుంచి బతుకుతెరువుకి బెంగళూరు చేరినవాళ్లకు తుమకూరు రోడ్డు కొట్టినపిండి. మధుగిరి మీదుగా వచ్చిన బస్సు నెలమంగల దాటి మాదావర చేరేసరికి మెట్రో స్తంభాలు మొదలవుతాయి. నాగసంద్ర, దాసరహళ్లి, జాలహళ్లి, పీణ్య, గొరగుంటెపాళ్య, యశవంతపుర దాకా రోడ్డు వెంబడే పైన రైలు సాగుతుంది. సంపిగె రోడ్డు నుంచి పీణ్య ఇండస్ట్రీ వరకు 2014 మార్చిలో, నాగసంద్ర వరకు 2015 మేలో, మాదావర వరకు 2024 నవంబరులో ఈ ఆకుపచ్చ లైను నడక మొదలుపెట్టింది. పీణ్యకు స్టేషను వచ్చి పదేళ్లు దాటిందన్నమాట. ఇన్నేళ్లలో స్టేషను చుట్టూ ఊరి రూపం మారిపోయి ఉండాలి. మారింది కొంతే. మెట్లు దిగి నాలుగడుగులు వేస్తే ఇప్పటికీ రేకుల కప్పు గోడౌన్లు, కార్ల షోరూములు, పెట్రోలు బంకులు, లారీలు ఆగే ఖాళీ జాగాలు, ముహూర్తాలున్న రోజుల్లో మాత్రమే తలుపులు తెరిచే కల్యాణ మంటపాలు ఎదురవుతాయి. వాటి వెనక సందులో ఇరవై బై ముప్పై సైటులో లిఫ్టు లేని అయిదంతస్తుల పీజీ ఉంటుంది. గదికి నలుగురు.

ఒకే వీధిలో ఈ రెండూ పక్కపక్కనే ఉండటాన్ని మనం మామూలు సంగతిగా తీసుకుంటున్నాం. తీసుకోకూడదని నా వాదన. ప్రజల డబ్బుతో రైలు వేసి, దాని పక్కనున్న భూమిని అరకొరగా వాడుకోవడమంటే ఆ డబ్బులో పెద్ద భాగాన్ని పారబోయడమే. ఆ నష్టం భూమి యజమాని మీద పడదు, అతని భూమి విలువ ఏటా పెరుగుతూనే ఉంటుంది. స్టేషను దగ్గర ఇల్లు దొరక్క ఊరి చివర కాపురం పెట్టి, రోజూ రెండు మూడు గంటలు దారిలో పోగొట్టుకునే పనివాళ్లు, గుమాస్తాలు, నర్సులు, సెక్యూరిటీ గార్డులు దాన్ని కట్టుకుంటున్నారు.

ముందు లెక్క చూద్దాం. జనం విసుక్కోకుండా నడిచే దూరం అర కిలోమీటరు. స్టేషను చుట్టూ అర కిలోమీటరు వలయం గీస్తే అందులోకి వచ్చే భూమి సుమారు 194 ఎకరాలు. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన రవాణా ఆధారిత అభివృద్ధి విధానం కూడా 500 నుంచి 800 మీటర్ల పరిధినే స్టేషను ప్రభావ ప్రాంతంగా తీసుకుంది. ఆ 194 ఎకరాల్లో రోడ్లు, బళ్లు, పార్కులు, గుళ్లు, ఇప్పటికే బాగా కట్టుకున్న ఇళ్లు అన్నీ అలాగే ఉండనిద్దాం. పది ఎకరాల షెడ్లు, పార్కింగు జాగాలు మాత్రమే మార్చామనుకుందాం. ఎకరా అంటే 43,560 చదరపు అడుగులు. స్థలానికి మూడింతల అంతస్తు విస్తీర్ణం కట్టనిస్తే, అంటే ఎఫ్‌ఎస్‌ఐ 3 ఇస్తే, ఎకరాకు 1,30,680 చదరపు అడుగులు వస్తాయి. మెట్లకూ లిఫ్టులకూ వరండాలకూ నాలుగో వంతు తీసేసినా 98 వేలు మిగులుతాయి. ఆరు వందల అడుగుల చిన్న ఇల్లయితే ఎకరాకు 160కి పైగా, పది ఎకరాలకు 1,600 ఇళ్లు. ఒక్క స్టేషను చుట్టూ, ఆకాశాన్నంటే టవరు ఒక్కటీ లేకుండా, ఏడెనిమిది అంతస్తులతో ఇంతమందికి చోటు దొరుకుతుంది. ఆ ఇళ్లలోంచి ఎవరూ బండి తీయకుండానే పనికి పోవచ్చు.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. మన ఊళ్లు ఇప్పటికే కిక్కిరిసి ఉన్నాయి కదా, ఇంకా కట్టడమేమిటి? కిక్కిరియడం వేరు, కట్టడం వేరు. పీజీ గదిలో నలుగురు మంచాలు వేసుకుని పడుకుంటున్నారంటే ఆ వీధిలో మనుషులు ఎక్కువయ్యారనీ, వాళ్లకు సరిపడా గదులు కట్టలేదనీ అర్థం. ఒక్కో మనిషికి దక్కే చదరపు అడుగులు తగ్గిపోతే ఇరుకు పుడుతుంది. ఆ అడుగులు పెంచడానికి రెండే దారులు. ఊరిని పక్కలకు సాగదీయాలి, లేదా రైలు ఉన్నచోట పైకి కట్టాలి. బెంగళూరు, హైదరాబాదు దశాబ్దాలుగా మొదటి దారే పట్టాయి. సాగిన ప్రతి కిలోమీటరుకూ రోడ్డు, మురుగు కాలువ, నీటి గొట్టం, కరెంటు తీగ, బస్సు అన్నీ సాగాలి.

నాగసంద్రనే తీసుకోండి. 2022 జూన్‌లో అక్కడ ఐకియా తెరిచిన పెద్ద ఫర్నిచర్ దుకాణానికి మెట్రో స్టేషను నుంచి నేరుగా దారి ఉంది. స్థలం 12.2 ఎకరాలు, దుకాణం 4.6 లక్షల చదరపు అడుగులు. భూమి విస్తీర్ణమే 5.3 లక్షల అడుగులు కాబట్టి కట్టింది నేల కొలత కన్నా తక్కువ. ఇందులో ఆ సంస్థ తప్పేమీ లేదు. చట్టం అనుమతించింది, వాళ్ల వ్యాపారానికి అలాంటి భవనమే కావాలి, జనం మెట్రోలో వచ్చి కొనుక్కుంటున్నారు కూడా. అయితే రైలు గుమ్మం ముందు పన్నెండెకరాలు చేతిలో ఉన్నప్పుడు దుకాణం పైన ఇళ్లో ఆఫీసులో ఉండాలని ఊరి తరఫున ఎవరో ఒకరు అడగాలి. ఆ పని ప్రణాళికా సంస్థలది. అదే దారిలో పీణ్య దగ్గర 2014లో సుమారు 40 కోట్ల రూపాయలతో బసవేశ్వర బస్ టెర్మినల్ కట్టారు. మెజెస్టిక్ మీద భారం తగ్గించాలన్నది ఉద్దేశం. మెట్రో దిగి సామాన్లతో నడిచి వెళ్లేంత దగ్గరగా, సులువుగా అది లేదు. సిటీ బస్సుల జోడింపూ సరిగ్గా కుదరలేదు. ప్రయాణికులు రాలేదు, కొన్నాళ్లకే బస్సులు మళ్లీ మెజెస్టిక్‌కు వెళ్లిపోయాయి. కట్టకపోవడమొక్కటే సమస్య అనుకుంటే ఈ ఉదాహరణ అర్థం కాదు. స్టేషనుకు అతుక్కుని ఉండాల్సినది కిలోమీటరు అవతల ఉంటే ఎంత ఖర్చుపెట్టినా ఫలితం ఉండదు. ఎంత కట్టాం అన్నదానితో పాటు ఎక్కడ కట్టాం, గుమ్మం ఎటు పెట్టాం అన్నవీ అంతే ముఖ్యం.

ఈ విషయంలో తెలుగువాళ్లకు మరింత దగ్గరి పాఠం హైదరాబాదు మెట్రో. దాన్ని కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఆ మెట్రోను భూమి ఆదాయం మీద నమ్మకంతోనే మొదలుపెట్టారు. 2008లో మేటాస్ సంస్థ నాయకత్వంలోని కంపెనీల కూటమి, ప్రభుత్వాన్ని సాయం అడగకపోగా, తామే ఒప్పంద కాలంలో 30,311 కోట్లు ఎదురు చెల్లిస్తామని టెండరు వేసింది. రైలు నడిపి ఇంత ఎలా ఇస్తారన్న అనుమానం అప్పుడే వచ్చింది. అప్పటి ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ దీన్ని తప్పుపడుతూ ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. అసలు కన్ను భూముల మీద ఉందన్నది ఆయన అభ్యంతరం. 2009 జనవరిలో మేటాస్‌తో ముడిపడిన సత్యం కంపెనీ కుంభకోణం బయటపడటం, ఆ జూలైలో ఒప్పందం రద్దు కావడం అందరికీ తెలిసినవే. 2010 సెప్టెంబరు 4న ఎల్ అండ్ టీతో కొత్త ఒప్పందం కుదిరింది. కేంద్రం ఇచ్చే లోటు భర్తీ సాయం 1,458 కోట్లు. దాంతోపాటు డిపోల దగ్గర, స్టేషన్ల దగ్గర కలిపి 269 ఎకరాల్లో 1.85 కోట్ల చదరపు అడుగులు కట్టుకుని ఆదాయం పొందే హక్కు. మొత్తం రాబడిలో సగం టికెట్ల నుంచి, 45 శాతం ఆస్తుల నుంచి, మిగిలిన కొద్దిపాటిది ప్రకటనల నుంచి వస్తుందని అంచనా వేశారు.

2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోలు దాకా రైలు నడిచింది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్-ఎంజీబీఎస్ మార్గంతో మొదటి దశ 69 కిలోమీటర్ల దగ్గర ఆగింది. పాతబస్తీ లైను కట్టనేలేదు. రైలు బాగానే నడిచింది. భూమి మాత్రం నడవలేదు. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్ దగ్గర మాల్స్ లేచాయి, రాయదుర్గంలో ఆఫీసు భవనం వచ్చింది. 1.85 కోట్ల అడుగుల అంచనా ముందు ఇవన్నీ కలిపినా చిన్న ముక్కే. ఆ మాల్స్‌లో ఒక్క ఇల్లు లేదు. భూసేకరణ జాప్యాలు, కోర్టు కేసులు, రాష్ట్ర విభజన నాటి అనిశ్చితి, కోవిడ్ వంటి కారణాలు చాలా ఉన్నాయి, సంస్థ చెప్పిన ఇబ్బందుల్లో నిజముంది. ఫలితం మాత్రం ఖాతా పుస్తకాల్లోకి ఎక్కింది. ఆస్తుల నుంచి రావాల్సిన డబ్బు రాకపోతే అప్పు పెరుగుతుంది, లేదా టికెట్ ధర పెరుగుతుంది. రెండూ జరిగాయి. 2025 మేలో హైదరాబాదు మెట్రో గరిష్ఠ ఛార్జీని 60 నుంచి 75 రూపాయలకు పెంచి, నిరసనలొచ్చాక పది శాతం తగ్గించారు. అదే ఏడాది సెప్టెంబరులో సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా మొదటి దశను తెలంగాణ ప్రభుత్వమే తీసుకోవడానికి అంగీకారం కుదిరింది. బెంగళూరులో భూమికీ ఛార్జీకీ ఇలాంటి లంకె ఒప్పందంలో రాసి లేదు. అక్కడ కూడా 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 అయింది. స్టేషన్ల చుట్టూ పెరిగిన భూమి విలువలో కాసింత భాగం మెట్రో ఖజానాకు చేరే ఏర్పాటు బలంగా ఉండి ఉంటే ఆ భారం కొంత తగ్గేది.

మరో విచిత్రం కూడా హైదరాబాదులోనే ఉంది. 2006 మార్చిలో వచ్చిన జీవో 86తో అక్కడ ఎఫ్‌ఎస్‌ఐ పరిమితే ఎత్తేశారు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్, స్థల విస్తీర్ణం సరిపోతే ఎంత ఎత్తైనా కట్టవచ్చు. దేశంలో చాలా పెద్ద నగరాల్లో ఇంత వెసులుబాటు లేదు. అంత స్వేచ్ఛ ఉన్నచోట రైలు పక్కన ఎత్తైన ఇళ్లు లేవాలి కదా? టవర్లు లేచాయి. కోకాపేట, నార్సింగి, నానక్‌రామ్‌గూడల్లో ముప్పై, నలభై అంతస్తులు దాటాయి. మెట్రో లైను రాయదుర్గంలోనే ఆగిపోతుంది. 2023 ఆగస్టులో ఎకరా వంద కోట్లు దాటి అమ్ముడైన కోకాపేటకు రైలు లేదు. చిక్కడపల్లి, ముషీరాబాదు, నారాయణగూడ, సుల్తాన్ బజార్ స్టేషన్ల చుట్టూ మాత్రం రెండు మూడంతస్తుల పాత కట్టడాలు, వాటి మధ్య మూతపడ్డ సినిమా హాళ్ల జాగాలు అలాగే ఉన్నాయి. మెట్రో మూడు మార్గాల్లోనూ తక్కువమంది ఎక్కేది ఈ స్టేషన్లున్న జేబీఎస్-ఎంజీబీఎస్ మార్గమే. ఆకాశాన్ని వదిలేస్తే భూమి తనంతట తానే సద్వినియోగమవుతుందన్న నమ్మకం తప్పని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. పరిమితి ఎత్తివేత అవసరమే, దానితోనే పని జరగదు. పెద్ద కమతాలు, చిక్కులేని పత్రాలు, వెడల్పు రోడ్లు దొరికిన చోటికి టవర్లు వెళ్లాయి. అవి ఊరి బయట ఉన్నాయి. రైలు ఊరి నడుమ ఉంది.

మరి స్టేషను పక్కన రేకుల షెడ్డే ఎందుకు నిలబడుతుంది? యజమానికి దురాశ అనేస్తే తేలిపోయే ప్రశ్న కాదిది. అతని స్థానంలో ఉండి చూస్తే షెడ్డే లాభసాటి లెక్క. స్థలం ధర ఏటా పెరుగుతుందని నమ్మకముంటే ఈరోజే కట్టాల్సిన తొందర లేదు. షెడ్డు అద్దె ఖర్చులకు సరిపోతుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పేయవచ్చు. ఆస్తిపన్ను ప్రధానంగా కట్టడం మీద పడుతుంది, ఖాళీ జాగా మీద నామమాత్రమే. కట్టినవాడికి బరువు, కట్టనివాడికి తేలిక. ఆపై అన్నదమ్ముల పంపకాల కేసులు, బీ ఖాతా (పూర్తి గుర్తింపు లేని ఆస్తి నమోదు) చిక్కులు, పాతికమంది వారసుల సంతకాలు. చిన్న సైటులో కడదామన్నా కారు పార్కింగు నిబంధనకే కింది అంతస్తు పోతుంది. మెట్రో గుమ్మం పక్కన కట్టే ఇంటికి కూడా ఊరి చివర ఇంటితో సమానంగా కార్ల చోటు చూపాలనడం నాకు ఏ కోశానా సబబుగా తోచదు.

ప్రభుత్వ భూమి సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. రవాణా సంస్థలు, దేవస్థానాలు, మార్కెట్ కమిటీలు, రైల్వే వంటివి నగరం నడిబొడ్డున జాగాలున్న పెద్ద యజమానులు. అవి స్థలాన్ని పదకొండు నెలలకో మూడేళ్లకో ఇస్తే తీసుకున్నవాడు ఏం కడతాడు? మూడేళ్లలో పెట్టుబడి తిరిగి రావాలి కాబట్టి ఇనుప గొట్టాలు నాటి, రేకు వేసి, కాంక్రీటు నేల పోసి అద్దెకిస్తాడు. పునాది వేయడు, లిఫ్టు పెట్టడు. లీజు గడువు ఎంత పొట్టిదైతే కట్టడం అంత నాసిగా ఉంటుంది. హైదరాబాదు మెట్రో ఒప్పందంలోనూ ఈ నీడ ఉంది. హక్కు 35 ఏళ్లది, షరతుల మీద మరో 25 ఏళ్లు పొడిగించవచ్చు. భూమి అమ్మే హక్కు లేదు. నెలనెలా అద్దె తెచ్చే మాల్, ఆఫీసు ఆ గడువులో ఇముడుతాయి. తరాలపాటు ఉండాలని జనం కొనుక్కునే ఇల్లు ఇమడదు. ఏళ్లు కరిగిపోతున్న లీజు మీద ఇంటి రుణం పుట్టడమూ కష్టమే.

గడువు పొడవుగా ఉంటే ఏమవుతుందో నాగలమడిక హోబళిలోనే కళ్లెదుట ఉంది. తిరుమణి చుట్టూ అయిదు గ్రామాల్లో 13 వేల ఎకరాల మెట్ట భూమిని రైతులు సోలార్ పార్కుకు లీజుకిచ్చారు. కొనుగోలు చేయలేదు, లాక్కోలేదు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలు, రెండేళ్లకోసారి అయిదు శాతం పెంపు, పాతికేళ్లకు పైబడిన గడువు. వాన నమ్మకం లేక బీడుపడ్డ ఆ నేలమీద 2018 మార్చిలో మొదటి విడత 600 మెగావాట్లతో మొదలై 2019 ఆఖరుకు 2,050 మెగావాట్లు నిలబడ్డాయి. భూమిలేని కూలీలకు పొలం పని పోయిందన్న బాధ అక్కడ నిజంగానే ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. అయితే భూమి పత్రం రైతు పేరనే ఉంచి, వేల కోట్ల పెట్టుబడిని రప్పించగలిగారంటే దానికి మూలం గడువు మీద భరోసా. పావగడ బీడు భూమికి చేయగలిగిన ఒప్పందాన్ని పీణ్య స్టేషను పక్కనున్న బంగారం లాంటి జాగాకు చేయలేకపోవడం పరిపాలనా వైఫల్యమే.

అభ్యంతరాల్లో అన్నిటికన్నా బలమైనది షెడ్ల లోపలున్న మనుషుల తరఫున వచ్చేది. పీణ్య 1970లలో మొదలైన పారిశ్రామిక వాడ. అక్కడి షెడ్లలో లేత్ మిషన్లు, పౌడర్ కోటింగ్, దుస్తుల కుట్టుడు, విడిభాగాల తయారీ నడుస్తాయి. పావగడ, మడకశిర, హిందూపురం కుర్రాళ్లకు మొదటి జీతం ఇచ్చినవి అవే. వాటిని ఖాళీ చేయించి అపార్టుమెంట్లు కట్టమనడం ఎంత మాత్రం న్యాయం కాదు. నేనూ అనడం లేదు. నలభైమంది పనిచేసే వర్క్‌షాపు, పదిమంది సేల్స్ సిబ్బంది ఉన్న కార్ల షోరూము కన్నా స్టేషనుకు ఎంతో మేలైన పొరుగు. స్టేషను పక్క భూమిని ఎకరాకు ఎంతమంది వచ్చిపోతున్నారన్న కొలతతో చూడాలి, వాళ్లు నివాసులైనా పనివాళ్లైనా సరే. చిన్న పరిశ్రమ అంటే ఒంటి అంతస్తే అనుకోనక్కర్లేదు కూడా. సింగపూరు 1960ల నుంచీ అంతస్తుల ఫ్యాక్టరీలు కట్టి చిన్న యూనిట్లకు అద్దెకిస్తోంది, సరుకు లిఫ్టులతో, పైదాకా వచ్చే కరెంటుతో. బరువు యంత్రాలు కింద, కుట్టుమిషన్లు, ప్యాకింగు పైన. ఇప్పుడున్న యూనిట్లకు అదే చోట, అదే అద్దెకు గది చూపించాకే పాత షెడ్డు విప్పాలన్న షరతు ఉంటే సరిపోతుంది.

నీళ్ల మాట కూడా వస్తుంది. 2024 వేసవిలో బెంగళూరు నీటి కటకట చూశాక, ఇంకా జనాన్ని పోగుచేయడమేమిటని అడిగేవాళ్లున్నారు. స్టేషను దగ్గర కట్టకపోతే ఆ జనం రాకుండా ఆగరు, ఊరి అంచున బోరు నీళ్ల మీద, ట్యాంకర్ల మీద ఉంటారు. ఆ వేసవిలో ముందుగా ఎండింది ఆ అంచులే. అదే ఏడాది అక్టోబరులో మొదలైన కావేరి అయిదో దశ రోజుకు 77.5 కోట్ల లీటర్లు తెస్తోంది, నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం. చెల్లాచెదురుగా ఉన్న లేఔట్లకు గొట్టం చేర్చడం ఎంత ఖర్చో, ఎన్నేళ్లు పట్టిందో అక్కడివాళ్లనే అడగాలి. స్టేషన్ల చుట్టూ పాత గొట్టాలు మార్చాలి, మురుగు శుద్ధి పెంచాలి, అది ఖర్చే. అయినా పది కిలోమీటర్ల కొత్త గొట్టం కన్నా తక్కువ.

పచ్చదనం మీద అభ్యంతరానికి నేను పూర్తిగా తలవంచుతాను. ఖాళీగా కనిపించే ప్రతిదీ వృథా జాగా కాదు. పీణ్య-జాలహళ్లి దగ్గర హెచ్‌ఎంటీకి ఒకప్పుడు వెళ్లిన 599 ఎకరాలు తమవేనని కర్ణాటక అటవీ శాఖ 2024లో గట్టిగా నిలబడింది. అందులో చెట్లున్న భాగం అడవిగానే ఉండాలి. పక్కనే వేలమంది నివసించాలంటే అలాంటి ఊపిరి తప్పనిసరి. రేకుల షెడ్లు, కార్ల పార్కింగులు ఉన్నంతకాలం చెట్ల జోలికి వెళ్లాల్సిన పనే లేదు.

ఇక ఇళ్లు కడితే డబ్బున్నవాళ్లే కొంటారన్న మాట. దీనికి బొంబాయి మిల్లుల కథ గుర్తుచేసుకోవాలి, ఎందుకంటే అది మన కథ కూడా. కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరాలుగా వెళ్లిన పద్మశాలీలు వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాల్స్‌లో ఉండి ఆ మిల్లుల్లో నేశారు. 1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. లోకల్ రైలు స్టేషన్లను ఆనుకుని దాదాపు 600 ఎకరాలు మిగిలింది. 1991 నిబంధన ప్రకారం ఆ భూమిలో మూడో వంతు ఊరికి, మూడో వంతు సామాన్యుల ఇళ్లకు, మూడో వంతు యజమానికి. చార్లెస్ కొరియా కమిటీ 1996లో అన్ని మిల్లుల భూమినీ కలిపి ప్లాను చేయమంది. 2001లో ప్రభుత్వం సవరణ తెచ్చి, కట్టడాలు లేని ఖాళీ జాగాకే ఆ పంపకం వర్తిస్తుందని మార్చింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఊరి వాటా కరిగిపోయింది. అద్దాల టవర్లు వచ్చాయి, ఆఫీసు ఉద్యోగులు వేలల్లో వచ్చారు, స్టేషను వంతెనలు మాత్రం మిల్లుల నాటివే ఉండిపోయాయి. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టోన్ రోడ్ స్టేషను మెట్ల మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు.

ఈ కథ విన్నవాళ్లు కట్టడమే వద్దంటారు. నాకు కనిపించేది వేరు. బొంబాయిలో పంపకం రాసిన చట్టాన్ని నీరుగార్చారు, వంతెన కట్టకముందే టవరు కట్టనిచ్చారు. అదనపు అంతస్తుల హక్కు ఇచ్చేది ప్రజలు. రైలు తెచ్చి ఆ హక్కుకు విలువ పెంచిందీ ప్రజలే. కాబట్టి ప్రతి అదనపు అంతస్తులో ఒక వాటా చిన్న జీతాలవాళ్ల అద్దె ఇళ్లకు వెళ్లాలని అనుమతి పత్రంలోనే, మార్చడానికి వీల్లేకుండా రాయాలి. స్టేషను మెట్లు, కాలిబాట, వంతెన పూర్తయ్యాకే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వాలి. మరోపక్క, కొత్త ఇళ్లు ఎవరు కొన్నా కొంత ఉపశమనం ఉంటుంది. న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ 2016లో తన నివాస ప్రాంతాల్లో నాలుగింట మూడు వంతుల చోట ఎక్కువ ఇళ్లకు అనుమతించింది. ఆరేళ్లలో నిర్మాణ అనుమతులు సుమారు రెట్టింపయ్యాయి. జీతం బాగున్నవాడికి కొత్త ఇల్లు దొరికితే పాత ఇంటి కోసం చిన్న జీతగాడితో పోటీపడడు. ఇది నెమ్మదిగా పనిచేసే మందు, దీనితోనే పేదలకు ఇళ్లు రావు, అందుకే పై వాటా షరతు తప్పదు. రైలు సంస్థే ఇళ్లు కట్టడం కొత్త ఆలోచనా కాదు. జపానులో ఇచిజో కొబయాషి 1910లో తన రైలు మార్గం పక్కనే ఇళ్లు కట్టి మధ్యతరగతికి వాయిదాల మీద అమ్మాడు. ఆ ఇళ్లవాళ్లే అతని రైలుకు రోజూ ప్రయాణికులయ్యారు. హాంకాంగ్ మెట్రో ఇప్పటికీ ఆ బాటలోనే స్టేషను మీద కట్టిన ఇళ్ల రాబడిని పట్టాల మీద పెడుతోంది.

హైదరాబాదులో ఇప్పుడు అరుదైన అవకాశం ఉంది. మెట్రోతో పాటు దాని భూముల హక్కు కూడా ప్రభుత్వం చేతికి తిరిగి వస్తే, అప్పు తీర్చడానికి వేలం వేసి ఎక్కువ పాడినవాడికి ఇచ్చేయాలన్న ఒత్తిడి తప్పక ఉంటుంది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరా 177 కోట్లు పలికాక ఆ ఆశ ఇంకా పెరిగి ఉంటుంది. ఒక్కసారి వచ్చే ఆ డబ్బుతో ఒకటి రెండేళ్ల వడ్డీ తీరవచ్చు. మియాపూర్, నాగోలు డిపోల దగ్గర తొంభై తొమ్మిదేళ్ల లీజు మీద అద్దె ఇళ్లు కడితే మెట్రోకు ఏటా రాబడి, రైలుకు ప్రతిరోజూ ప్రయాణికులు దొరుకుతారు. చిక్కడపల్లి వంటి చోట్ల పక్కపక్క చిన్న సైట్లవాళ్లు కలిసి కట్టుకుంటే అదనపు అంతస్తు, పార్కింగు మినహాయింపు ఇవ్వాలి. అమరావతిలో 33 వేల ఎకరాల పొలాలను సమీకరించిన తెలుగువాళ్లకు పది సైట్లను కలపడం చేతకాని పనేమీ కాదు. ఖాళీగా ఉంచిన స్టేషను పక్క జాగా మీద పన్ను ఏటా పెరగాలి, కట్టిన రోజున తగ్గాలి. ఇందులో ఏదీ సులువు కాదు, ఓట్ల లెక్కలో ఏదీ తీపిగా ఉండదు. అయినా టికెట్ మీద పదిహేను రూపాయలు పెంచడం కన్నా ఇది న్యాయమైన దారి.

ఈ మాటలు పావగడకు దూరం కావు. 2007-08లో మంజూరైన 207 కిలోమీటర్ల రైలు మార్గం అనంతపురం జిల్లా రాయదుర్గం నుంచి కల్యాణదుర్గం, పావగడ, మడకశిర, మధుగిరి, కొరటగెరెల మీదుగా తుమకూరుకు రావాలి. రాయదుర్గం వైపు నుంచి కల్యాణదుర్గం దాటి కదిరిదేవరపల్లి దాకా ఇప్పటికే రైలు నడుస్తోంది. పావగడకు స్టేషను వచ్చిననాడు దాని చుట్టూ పది అంతస్తులు అక్కర్లేదు, భూమి అంత ఖరీదూ కాదు. కావాల్సినవి వేరు. స్టేషను గుమ్మం ఎదుటే బస్టాండు, నాగలమడిక, తిరుమణి, వెంకటాపుర వైపు వెళ్లే బస్సులు అక్కడే ఆగడం, అరవై అడుగుల రోడ్లు, నాలుగైదు ఎకరాలైనా పురసభ చేతిలో మిగలడం. రైలు వార్త వినగానే చుట్టూ పొలాలు కన్వర్షన్ అయి ముప్పై బై నలభై సైట్లుగా విడిపోవడం మన తాలూకాల్లో కొత్త కాదు. ఒకసారి వందమంది పేర రిజిస్టరైన నేలను మళ్లీ ఒక్కటి చేయడం ఎంత కష్టమో చిక్కడపల్లి చెబుతోంది. పావగడలో అయితే లేఔట్ ప్లాన్లు సంతకానికి రాకముందే స్టేషను చుట్టూ అర కిలోమీటరు గీత గీసి, అందులో రోడ్డు ఎంత, ప్రభుత్వ జాగా ఎంత, సైటు ఎంత అని పురసభ ఇప్పుడే తేల్చవచ్చు. దానికి మెట్రోకు పెట్టినట్టు వేల కోట్లు అక్కర్లేదు, ఒక సర్వేయరూ ఒక కౌన్సిల్ తీర్మానమూ చాలు.